చలికాలం సైకిల్‌కి ఏ గ్లౌజులు కొనాలి? 40 రోజులు వాడి చెప్తున్నా

ఈరోజు వీడియో హనుమాన్ జంక్షన్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని చేస్తున్నా. వెనకాల లారీల హారన్లు వినపడుతుంటాయి, ఏమనుకోకండి. పదహారో నంబర్ హైవే పక్కన పుట్టినవాణ్ణి, నాకైతే ఆ సౌండ్ లేకపోతే నిద్ర పట్టదు.

టాపిక్ చిన్నదే. చలికాలం పొద్దున్నే సైకిల్ తొక్కేవాళ్లు తక్కువ డబ్బుల్లో ఎలాంటి గ్లౌజులు కొనుక్కోవాలి. "మన కృష్ణా జిల్లాలో చలేంట్రా, గ్లౌజులేంట్రా" అని నవ్వేవాళ్లు ఉంటారు. నేనూ అలాగే నవ్వేవాణ్ణి. పోయిన డిసెంబర్‌లో ఈ గ్లౌజుల వల్లే మా నాన్న మణికట్టు విరిగింది. గ్లౌజులు లేక కాదండీ, నేను కొనిచ్చిన గ్లౌజుల వల్ల. అందుకే ఈ వీడియో. ముందు ఆ కథ చెప్తా, తర్వాత ఏది కొనాలి, ఎలా చూసి కొనాలి అన్నది ఒక్కొక్కటీ చేతికి వేసుకుని చూపిస్తా.

అసలేం జరిగింది

మా నాన్న పేపర్ లైన్ వేస్తారు. నా చిన్నప్పట్నుంచీ అదే పని. తెల్లవారుజామున నాలుగింటికి జంక్షన్‌లో బండిల్స్ దిగుతాయి. అక్కడే రోడ్డు పక్కన కూర్చుని లెక్కపెట్టుకుని, మధ్యలో పాంప్లెట్లు పెట్టుకుని, సైకిల్ మీద సర్దుకుని బయల్దేరతారు. బాపులపాడు, పెరికీడు వైపు మొత్తం ఓ నూటనలభై ఇళ్లు. పదిహేను కిలోమీటర్ల పైనే తొక్కుతారు. నా బీటెక్ ఫీజులో సగం ఆ సైకిలే కట్టింది. ఇది గొప్ప కోసం చెప్పట్లేదు, లెక్క ప్రకారం నిజం.

నేను హైదరాబాద్‌లో నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ చేసి, మానేసి, వీడియోలు మొదలుపెట్టాక ఎక్కువ రోజులు ఊళ్లోనే ఉంటున్నా. పోయిన డిసెంబర్‌లో ఒకరోజు నాన్న ఇంటికొచ్చి టీ గ్లాసు పట్టుకుని చెయ్యి విదిలిస్తున్నారు. "ఏంటి నాన్నా?" అంటే, "వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయిరా" అన్నారు. అంతే. ఇంకో ప్రశ్న అడగలేదు నేను. చలికి అయ్యుంటుందిలే అనుకుని, ఫోన్ తీసి, వింటర్ గ్లౌజులు అని కొట్టి, పైన కనపడిన వాటిల్లో బాగా లావుగా ఉన్నవి, మైనస్ 20 డిగ్రీలకి పనికొస్తాయి అని రాసున్నవి, 1,199 రూపాయలు పెట్టి ఆర్డర్ చేసేశా. రెండ్రోజుల్లో వచ్చాయి. నాన్న వేసుకుని చూసుకుని, "ఇవేంట్రా, బాక్సింగ్ చెయ్యాలా?" అన్నారు. అయినా కొడుకు కొన్నాడు కదా అని వేసుకెళ్లారు.

నాలుగో రోజు బాగా మంచు. ఎదుటి మనిషి కనపడట్లేదు. సర్వీస్ రోడ్డులో ఎండుగడ్డి వేసుకుని ట్రాక్టర్ ట్రక్కు ఆగి ఉంది. వెనకాల లైటు లేదు, రేడియం స్టిక్కర్ కూడా లేదు. దగ్గరికొచ్చాక కనపడింది. నాన్న బ్రేక్ పట్టుకున్నారు. పట్టుకున్నారు గాని, అది పూర్తిగా పడలేదు. ట్రక్కు మూలకి తగిలి కుడిచెయ్యి కింద పెట్టి పడ్డారు. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు.

ఆ రోజు మధ్యాహ్నం సైకిల్ తీసి ఆ గ్లౌజులు నేను వేసుకుని చూశా. అప్పుడు అర్థమైంది. మీకూ చూపిస్తా, చూడండి.

ఇది పాత మోడల్ రాడ్ బ్రేక్ సైకిల్. హ్యాండిల్‌కీ బ్రేక్ లివర్‌కీ మధ్య ఇంత ఖాళీ ఉంటుంది. చాలామంది రెండు వేళ్లు లివర్ మీద పెట్టి, మిగతా రెండు వేళ్లతో హ్యాండిల్ పట్టుకుంటారు. నాన్నదీ అదే అలవాటు. ఇప్పుడు ఈ లావు గ్లౌజ్ వేసుకుని లివర్ నొక్కుతున్నా. చూశారా? హ్యాండిల్ మీదున్న రెండు వేళ్లు గ్లౌజ్‌తో కలిపి ఇంత లావయ్యాయి. లివర్ వచ్చి వాటికే తగిలి ఆగిపోయింది. బ్రేక్ సగమే పడింది. పైగా చేతికి లివర్ తగిలినట్టే తెలియట్లేదు. ఎంత నొక్కుతున్నామో అంచనా ఉండదు.

దానికి తోడు రిమ్ము మంచుకి తడిసుంటుంది. స్టీల్ రిమ్ము తడిస్తే బ్రేక్ ఎలాగూ ఆలస్యంగా పడుతుంది. బ్రేక్ కట్టెలు కూడా అరిగి ఉన్నాయి, అది తర్వాత చూశా. కాబట్టి తప్పంతా గ్లౌజులదే అని నేను అనను. లైటు లేని ట్రాక్టరుదీ ఉంది, అరిగిన కట్టెలదీ ఉంది. కాని ఆ ఒక్క సెకనులో అడ్డం పడింది మాత్రం నేను కొన్నవే.

ఇంకో విషయం వింటే నా మీద మీకు కోపం వస్తుంది. కట్టు కట్టేటప్పుడు ఎముకల డాక్టర్‌గారు వేళ్లు ఒక్కొక్కటీ ముట్టుకుని చూస్తుంటే నాన్న ఈ తిమ్మిరి సంగతి చెప్పారు. "ఏ వేళ్లు?" అని అడిగారు డాక్టర్‌గారు. "చిటికెన వేలు, దాని పక్కది" అన్నారు నాన్న. "ఎండాకాలం కూడా వస్తుందా?" "ఆ, ఎప్పుడూ ఉండేదేనండి." అయితే అది చలి కాదు, హ్యాండిల్ మీద అరచెయ్యి ఆనించి ఆనించి అక్కడ నరం నొక్కుకుపోతోంది అన్నారాయన. అంటే నేను లేని జబ్బుకి మందు కొన్నా. సాఫ్ట్‌వేర్‌లో రిక్వైర్‌మెంట్ అడక్కుండా కోడ్ రాసేవాణ్ణి చూసి తెగ తిట్టుకునేవాణ్ణి. ఇంట్లో నాన్నకి నేను చేసింది అదే.

ముందు మీ చేతికి ఏమైందో చూసుకోండి

కాబట్టి గ్లౌజులు కొనే ముందు ఈ ఒక్క ప్రశ్న. తిమ్మిరి ఏ వేళ్లకి?

చిటికెన వేలు, ఉంగరం వేలు మాత్రమే తిమ్మిరెక్కితే, అరచేతి అడుగున చిటికెన వేలి వైపు వెళ్లే నరం మీద ఒత్తిడి పడుతోందని అనుమానించాలి. దాన్ని అల్నార్ నర్వ్ అంటారు. దూరాలు తొక్కేవాళ్లకి ఇది మామూలుగా వచ్చే సమస్య. దీనికి కావాల్సింది వెచ్చదనం కాదు, మెత్తదనం. హ్యాండిల్‌కి స్పాంజ్ గ్రిప్ వేసుకోవడం, చేతులు పెట్టే చోటు మార్చుతూ ఉండటం, సీటు మరీ ముందుకి వంగి ఉంటే సరిచేసుకోవడం.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి, రాత్రిళ్లు నిద్రలో కూడా లేపేస్తుంటే అది మణికట్టు దగ్గర ఇంకో నరం. చలికి వేళ్లు ఉన్నట్టుండి సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయి, తర్వాత నీలంగా, తర్వాత ఎర్రగా మారుతుంటే అది రక్తనాళాల సంగతి, రేనాడ్స్ అంటారు. షుగర్ ఉన్నవాళ్లకి అరికాళ్లు, చేతులు తిమ్మిరిగా ఉంటే అది వేరే కథ. ఈ మూడింట్లో ఏదున్నా గ్లౌజులు కొని ఊరుకోవద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇవేమీ కాకుండా, పొద్దున్న తొక్కినప్పుడు అన్ని వేళ్లూ కలిపి కొంకర్లు పోయి, ఇంటికొచ్చి వేడి గ్లాసు పట్టుకుంటే పది నిమిషాల్లో మామూలైపోతే, అది నిజంగా చలే. మీకే ఈ వీడియో.

మన దగ్గర చేతులకి ఎందుకంత చలి

మన డెల్టాలో జనవరి తెల్లవారుజామున 17, 18 డిగ్రీలు ఉంటుంది. బాగా చలిగా ఉన్న రోజు ఇంకో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఢిల్లీ వాళ్లు వింటే ఫ్యాన్ వేసుకుంటారు. మరి చేతులు ఎందుకు మొద్దుబారుతున్నాయి? మూడు కారణాలు.

మొదటిది గాలి. చెట్టు ఆకు కదలని రోజైనా మీరు గంటకి 15 కిలోమీటర్ల వేగంతో తొక్కితే, మీ చేతులకి 15 కిలోమీటర్ల గాలి కొడుతున్నట్టే. సైకిల్ మీద మనిషిలో అందరికంటే ముందుండేది చేతివేళ్లు. కాళ్లు తిరుగుతుంటాయి కాబట్టి వేడెక్కుతాయి. చేతులు కదలకుండా హ్యాండిల్ పట్టుకునే ఉంటాయి.

రెండోది వేళ్లలో కండ ఉండదు. వేళ్లని కదిలించే కండరాలు ఎక్కువగా ముంజేతిలో ఉంటాయి, అక్కణ్ణుంచి తాడులాంటి స్నాయువులు లాగుతాయన్నమాట. కండ లేదు కాబట్టి వేలికి సొంతంగా వేడి పుట్టదు. రక్తం తెచ్చే వేడే దిక్కు. చలి తగలగానే శరీరం ఏం చేస్తుందంటే, గుండె, పొట్ట ముందు కాపాడుకుందాం అని వేళ్లకి రక్తం తగ్గించేస్తుంది. చర్మం వేడి సుమారు 15 డిగ్రీల దగ్గరికి పడిందంటే వేళ్ల చురుకుదనం తగ్గడం మొదలవుతుంది. గుండీ పెట్టుకోలేం, తాళం తిప్పలేం. బ్రేక్ సంగతి చెప్పక్కర్లేదు.

మూడోది మన దగ్గర అసలైంది, తడి. కాలవలు, చేలు, చేపల చెరువులు. తెల్లారి మంచు పడితే హ్యాండిల్ మీద నీళ్లు చుక్కలు కట్టి ఉంటాయి. గాలి కంటే నీళ్లు ఇంచుమించు పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. పైగా పాత సైకిళ్లకి బ్రేక్ లివర్లు ఉత్త స్టీలు. తడి స్టీలు పట్టుకుంటే ఐస్ పట్టుకున్నట్టే.

కాబట్టి మనకి కావాల్సింది మైనస్ 20 గ్లౌజు కాదు. గాలి ఆపాలి, తడి ఆపాలి, బ్రేక్ పట్టు పోకూడదు. ఈ మూడు చాలు.

లంబసింగి వెళ్లేవాళ్ల లెక్క వేరు. అక్కడ డిసెంబర్, జనవరిల్లో కొన్ని రోజులు సున్నా దగ్గరికి వెళ్తుంది. 2001 నుంచి అమెరికా, కెనడా వాళ్లు వాడే విండ్ చిల్ ఫార్ములా ఒకటి ఉంది, 10 డిగ్రీలు, అంతకంటే తక్కువ ఉన్నప్పుడు వాడతారు. దాంట్లో వేసి చూస్తే, 10 డిగ్రీల్లో 20 కిలోమీటర్ల గాలి ఉంటే ఒంటికి 7 డిగ్రీల చలిలా ఉంటుంది. 5 డిగ్రీల్లో ఘాట్ దిగుతూ 25 వేగంతో వెళ్తే దాదాపు సున్నా డిగ్రీల్లో నిలబడ్డట్టే. అక్కడికి వెళ్లేవాళ్లు కొంచెం మందం ఉన్నవే తీసుకోండి. మామూలు రోజులకి అవి వద్దు.

40 రోజులు, ఆరు రకాలు

నాన్న చెయ్యి కట్టులో ఉంది. లైన్ ఆగితే? ఒక వారం పేపర్ రాకపోతే జనం వేరే వాళ్ల దగ్గర వేయించుకుంటారు. పాతికేళ్ల నుంచి కట్టుకున్న లైన్. కాబట్టి మర్నాడు పొద్దున్న మూడున్నరకి అమ్మ నన్ను లేపింది. పండగ సెలవు పోను, మొత్తం 40 రోజులు నేనే వేశా. మొదటి వారం నాన్న చెయ్యి మెడకి వేలాడేసుకుని వీధి చివరి దాకా వచ్చి నిలబడేవారు. నేను వెళ్తుంటే "బ్రేక్ చూసుకో" అని ఒక్క మాట. నేను తలెత్తి చూడలేకపోయేవాణ్ణి.

ఆ 40 రోజుల్లో ఆరు రకాలు వాడా. ధరలు నేను కొన్నప్పటివి, మీ దగ్గర పది ఇరవై అటూ ఇటూ ఉండొచ్చు.

ఒకటి, ఈ 1,199 వి. ఒక్కరోజు వేసుకున్నా. పది నిమిషాల్లో లోపల చెమట. పేపర్ ఒక్కటి తీయబోతే మూడు వస్తున్నాయి. బెల్ కొట్టలేం. అటక మీద పెట్టేశా.

రెండు, ఊలు గ్లౌజులు, 80 రూపాయలు. చలికాలం టౌన్లలో స్వెట్టర్లు అమ్మే టిబెటన్ వాళ్ల దగ్గర, రోడ్డు పక్క మంకీ క్యాపుల బండి మీద దొరుకుతాయి. ఊలు అంటాం గాని ఈ రేటుకి వచ్చేది ఎక్కువగా అక్రిలిక్ దారం. నిలబడి ఉంటే వెచ్చగానే ఉంటాయి. సైకిల్ ఎక్కగానే కన్నాల్లోంచి గాలి జల్లెడలోంచి వచ్చినట్టు వస్తుంది. పైగా హ్యాండిల్ మీద జారతాయి. ఒక్కటే వేసుకుంటే దండగ. కాని పక్కన పెట్టకండి, దీంతో మళ్లీ పని ఉంది.

మూడు, చుక్కల గ్లౌజులు, 40 రూపాయలు. తెల్ల నూలు మీద రబ్బరు చుక్కలు ఉంటాయి, హార్డ్‌వేర్ షాపుల్లో, గోడౌన్లలో మూటలు మోసేవాళ్లు వాడతారు. పట్టు బాగుంది. కాని నూలు కదా, మంచుకి తడిసిందంటే నీళ్లు పీల్చుకుని అలాగే ఉండిపోతుంది. తడి నూలు చేతికి అంటుకుని ఉంటే అసలు ఏమీ లేకపోవడమే నయం. పొడి చలికి సరే, మంచుకి వద్దు.

నాలుగు, అరచేతికి రబ్బరు పూత ఉన్న పని గ్లౌజులు, 90 రూపాయలు. సేఫ్టీ సామాన్ల షాపులో అడగండి. అరచెయ్యి, వేళ్లు రబ్బరులో ముంచి తీసినట్టుంటాయి, వెనక వైపు దారం అల్లిక ఉంటుంది. తడి హ్యాండిల్ మీద దీనికి మించిన పట్టు నాకు ఇంకేదాంట్లోనూ దొరకలేదు. తడి లోపలికి రాదు. లోపం ఒక్కటే, చేతి వెనక వైపు గాలి దూరిపోతుంది.

ఐదు, హెల్మెట్లు అమ్మే చోట దొరికే మోటార్ సైకిల్ గ్లౌజులు, 350. గాలి బాగానే ఆపుతాయి. కాని కణుపుల మీద గట్టి ప్లాస్టిక్ ముక్కలు, అరచేతిలో మందపాటి కుట్లు. సైకిల్ హ్యాండిల్ సన్నగా ఉంటుంది కాబట్టి ఆ కుట్లు గుచ్చుకుంటాయి. నెలకి ఏ పదిరోజులో తొక్కేవాళ్లకి పర్లేదు.

ఆరు, సైకిల్ కోసమే చేసిన ఫుల్ ఫింగర్ గ్లౌజులు, 699. స్పోర్ట్స్ షాపుల్లో, డెకథ్లాన్ లాంటి చోట్ల ఉంటాయి. వెనకవైపు గాలి ఆపే బట్ట, అరచేతిలో పలచని జెల్, బొటనవేలి మీద ముక్కు తుడుచుకునే మెత్తటి బట్ట కూడా. నిజం చెప్పాలంటే అన్నిట్లో ఇవే బాగున్నాయి. రోజూ ఆఫీసుకి, కాలేజీకి తొక్కుతూ, డబ్బులున్నవాళ్లు ఇవి కొనేసుకోండి, మిగతా వీడియో చూడక్కర్లేదు.

కాని పేపర్ వేసే మనిషి, పాలు పోసే మనిషి 699 పెట్టరు. పెట్టినా, మూడు నెలల్లో అరగదీసేస్తారు. వాళ్లకి ఏంటి?

170 రూపాయల జత

దీనికి జవాబు నేను కనిపెట్టలేదు. నాన్న కనిపెట్టారు, కట్టు కట్టిన చేత్తో కూర్చుని.

మూడో వారంలో ఒకరోజు నేను ఈ నాలుగో రకం వేసుకుని వచ్చి, "పట్టు సూపర్ నాన్నా, వెనకాల మాత్రం గాలి కొట్టేస్తోంది" అన్నా. నాన్న "లోపల ఆ ఊలువి వేసుకో, పైన ఇవి ఒక సైజు పెద్దవి తీసుకో" అన్నారు. సరే, వేసుకున్నా. కొంచెం నయం, అయినా గాలి వస్తోంది. అప్పుడాయన బండిల్‌కి చుట్టి వచ్చే ప్లాస్టిక్ కవర్ ముక్క ఒకటి కత్తిరించి, రెండు గ్లౌజుల మధ్యలో, చేతి వెనక వైపు మాత్రమే పెట్టారు. అంతే. గాలి ఆగిపోయింది.

ఇదేదో మన ఊరి చిట్కా అనుకోకండి. టూర్ డి ఫ్రాన్స్‌లో కొండ ఎక్కేసి దిగేటప్పుడు రైడర్లు జెర్సీ లోపల ఛాతీ మీద న్యూస్‌పేపర్ పెట్టుకోవడం ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. లాజిక్ అదే. గాలి తగిలే వైపు గాలి దూరనిది ఒకటి అడ్డం పెట్టడం. కవర్ లేకపోతే పేపర్ రెండు మడతలు పెట్టుకోవచ్చు, తడిస్తే మార్చుకోవాలి.

ఒక్క జాగ్రత్త. కవర్‌తో చెయ్యి మొత్తం చుట్టేయకండి. చెమట బయటికి పోక లోపల తడి అవుతుంది, అరగంటలో మళ్లీ చల్లబడుతుంది. వెనక వైపే, మణికట్టు నుంచి వేళ్ల కణుపుల దాకా. అరచేతి వైపు అసలు వద్దు, జారుతుంది.

లెక్క చూస్తే ఊలువి 80, రబ్బరు పూతవి 90, మొత్తం 170. కవర్ ఊరికే.

కొనేటప్పుడు ఇలా చూడండి

సైజు ఎలా అంటే, టేపు తీసుకుని కణుపుల దగ్గర అరచెయ్యి చుట్టూ కొలవండి, బొటనవేలు వదిలేసి. ఎన్ని అంగుళాలు వస్తే సుమారు అదే సైజు. ఎనిమిది వస్తే 8, తొమ్మిది వస్తే 9. లోపల ఊలువి వేసుకునేట్టయితే పైవి ఒక సైజు పెంచండి. బిగుతుగా ఉంటే రక్తం ఆడదు, లోపల గాలి పొర ఉండదు, ఇంకా చలేస్తుంది.

షాపులో నాలుగు పరీక్షలు చెయ్యండి. ఒకటి, పిడికిలి బిగించండి, వేళ్ల మధ్య లాగేసినట్టు ఉండకూడదు. రెండు, కౌంటర్ మీద రూపాయి బిళ్ల పెట్టి తియ్యండి. తియ్యలేకపోతే బెల్ కూడా కొట్టలేరు. మూడు, వేలి చివర ఖాళీ ఎంత ఉందో చూడండి, అర అంగుళం మించి వేలాడుతుంటే బ్రేక్‌లో ఇరుక్కుంటుంది. నాలుగోది తప్పనిసరి. షాపు బయట మీ సైకిల్ ఉంటుంది కదా, వెళ్లి దాని బ్రేక్ నొక్కి చూడండి. రోజూ ఎన్ని వేళ్లతో నొక్కుతారో అన్నే వేళ్లతో. మీ మిగతా వేళ్లకి లివర్ తగలకుండా బ్రేక్ పూర్తిగా పడాలి. షాపతను ఏమనుకున్నా పర్లేదు, మీ చెయ్యి అది.

ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ ఉందో లేదో చూసి కొని, లేబుల్ పీకకుండా ముందు ఈ పరీక్ష చెయ్యండి.

పని గ్లౌజుల మీద చిన్న బొమ్మలు, నంబర్లు ఉంటాయి. సుత్తి బొమ్మ, కింద ఈఎన్ 388 అని ఉంటే, అది అరుగుదల, కోత, చిరుగు, గుచ్చుకోవడం ఎంత తట్టుకుంటుందో చెప్పేది. చలికి దాంతో సంబంధం లేదు. మంచు రేకు బొమ్మ, ఈఎన్ 511 అని ఉంటే అదీ చలికి. దాని కింద మూడు అంకెల్లో మొదటిది చల్లగాలికి, రెండోది చల్లటి వస్తువు పట్టుకోవడానికి, మూడోది నీళ్లు దూరకుండా ఉండటానికి. మన రేట్లలో అది దొరకడం కష్టం గాని, సుత్తి బొమ్మ చూపించి "ఇది చలికి సర్టిఫికెట్ సార్" అంటే మాత్రం నమ్మకండి.

టచ్ స్క్రీన్ గ్లౌజులు అని ఎక్కువ రేటు చెప్తారు. ఫోన్ స్క్రీన్ మన వేలిలోంచి పోయే చిన్న కరెంటు మార్పుని బట్టి పనిచేస్తుంది. మామూలు దారం దాన్ని ఆపేస్తుంది. అందుకని వేలి కొసల్లో కరెంటు పోయే దారం కలిపి అల్లుతారు. కొత్తలో బాగానే పనిచేస్తాయి, నాలుగు ఉతుకులకి చాలావాటికి ఆ గుణం తగ్గిపోతుంది. దానికోసం వంద ఎక్కువ పెట్టకండి. సైకిల్ మీద ఫోన్ ఎందుకు, ఆపి గ్లౌజ్ తీసి మాట్లాడండి.

గ్లౌజు కాకుండా ఇంకో మూడు పనులు. పంక్చర్ షాపులో పాత ట్యూబు ముక్క అడిగి బ్రేక్ లివర్‌కి తొడిగించుకోండి, స్టీలు చల్లదనం తగలదు. గ్లౌజు వెనక వైపు, సైకిల్ వెనక మడ్‌గార్డుకి రేడియం స్టిక్కర్ అంటించండి, ముప్ఫై రూపాయల్లో అయిపోతుంది. మంచులో చెయ్యి చూపించి రోడ్డు దాటేటప్పుడు వెనక లారీకి మీ చెయ్యి కనపడాలి కదా. బ్రేక్ కట్టెలు చలికాలం ముందు మార్పించండి. గ్లౌజుల కంటే ముందు ఇదే చెయ్యాలి.

తడిసిన గ్లౌజులు పొయ్యి పక్కన పెట్టకండి, రబ్బరు పగిలిపోతుంది. లోపల పేపర్ ఉండలు చుట్టి కుక్కి, నీడలో పెడితే సాయంత్రానికి పొడి అవుతాయి.

ఇప్పుడు నాన్న

కట్టు విప్పాక ఇంకో నెల వద్దన్నా వినలేదు. ఫిబ్రవరి మొదట్లో మళ్లీ లైన్‌కి వెళ్లారు. ఆ జతనే వేసుకెళ్లారు, కాని మొదటి రోజే కత్తెర తీసుకుని లోపలిదీ పైదీ రెండిటికీ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కొసలు కత్తిరించేశారు. "అయ్యో నాన్నా, కొత్తవి కదా" అంటే, "పేపర్ లెక్క వేలికే తెలుస్తుందిరా, గ్లౌజుకేం తెలుసు" అన్నారు. 40 రోజులు పేపర్ వేసి కూడా నాకు ఆ సంగతి తట్టలేదు. నేను రోజూ ఒకటో రెండో ఎక్కువ తక్కువ వేసి ఫోన్లు చేయించుకున్నవాణ్ణే మరి.

తిమ్మిరికి హ్యాండిల్‌కి స్పాంజ్ గ్రిప్పులు వేయించాం, 60 రూపాయలు. సీటు కొంచెం వెనక్కి జరిపించాం. పూర్తిగా పోలేదు, తగ్గిందంటున్నారు. అప్పుడప్పుడూ మణికట్టు నొప్పి అంటారు, ముఖ్యంగా చలిగా ఉన్న పొద్దున. అప్పుడు నేను ఏమీ మాట్లాడను.

మీ ఇంట్లో కూడా పొద్దున్నే సైకిల్ ఎక్కేవాళ్లు ఉంటే, పాలు, పేపర్, పూలు, పొలం, చేపల చెరువు కాపలా, ఏదైనా, ఈ చలికాలం వాళ్లకి గ్లౌజులు కొనిపెట్టండి. కాని ఆర్డర్ కొట్టే ముందు వాళ్ల పక్కన ఒక్క ఐదు నిమిషాలు కూర్చోండి. ఏ వేళ్లు, ఎప్పుడు, ఆ చేత్తో ఏ పని చేస్తారు అని అడగండి. వీలైతే ఒకరోజు వాళ్లతో వెళ్లండి. నేను 1,199 పెట్టి తెలుసుకున్నది మీరు ఊరికే తెలుసుకోవచ్చు.

ఇంతేనండీ ఈరోజుకి. వీడియో పనికొస్తుందనిపిస్తే పొద్దున్నే సైకిల్ తొక్కే ఒక్కరికి పంపండి, చాలు. వచ్చే వారం సైకిల్ లైట్లు, డైనమోనా, చార్జింగ్‌దా అన్నది చూద్దాం. ఈసారి నాన్నని ముందే అడిగా, ఆయనే చెప్తారు. ఉంటానండీ, జాగ్రత్తగా వెళ్లండి.